గుప్పెడు తవుడు

కార్తీకమాసంలో మా ఇంట్లో ఎవరూ అబద్ధం ఆడరు. మా అత్తగారు సన్యాసమ్మగారు పెట్టిన నియమం అది. ఆవిడకి వాళ్ళ అత్తగారు చెప్పారట. చన్నీళ్ళ స్నానం, సోమవారం ఉపవాసం, సాయంత్రం దీపం, వీటన్నిటికన్నా నోరు శుద్ధిగా ఉంచుకోవడమే గొప్పదనేవారు. "ఈ నెల్లో ఆడిన అబద్ధం ఆడినవాళ్ళనేం చెయ్యదే మహేశ్వరీ. వాళ్ళ పిల్లల్ని పట్టుకుంటుంది" అనేవారు.

మా ఇంట్లో ఎవరి పెళ్ళి ఏ తిథిన జరిగింది, ఏ పెద్దాయన ఏ జబ్బుతో పోయారు, ఏ నగ ఎవరి మెడలోంచి ఎవరి మెడలోకి వెళ్ళింది అన్నీ నాకే గుర్తుంటాయి. ఎవరికే సందేహం వచ్చినా నన్నే అడుగుతారు. ఈ ఒక్క సంగతి మాత్రం ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

తొంభై అయిదో సంవత్సరం. మా ఆశకి పది నెలలు. నేను గాజువాకలో అంగన్‌వాడీ టీచర్ని. కార్తీకం మొదలైన వారానికే వాయుగుండం పట్టింది. నాలుగు రోజులు ఆకాశం కిందికి దిగి కూర్చున్నట్టే ఉంది. ఎలమంచిలి అవతల ఏటిగట్టు తెగి పల్లెలు మునిగాయి. అక్కడి బడులూ సత్రాలూ నిండిపోతే, మిగిలినవాళ్ళని లారీల్లో ఎక్కించి మా పక్కకి తీసుకొచ్చి, మా వీధి చివరి బడిలో దింపారు. ఆరు గదులు. ఆఖరి గది గర్భిణులకీ, బాలింతలకీ, చంటిపిల్లల తల్లులకీ ఇచ్చారు. ఆ గది పని నాదీ, నర్సు రాణిదీ.

కాన్పులు రాణి చూసుకునేది. పాలపొడి కలపడం, విరేచనాలైన పిల్లలకి ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పట్టడం, పుట్టిన పిల్లల్ని తూచి కార్డు మీద రాయడం నా వంతు. గుండ్రటి ముఖం, ఒక ముల్లు ఉన్న కాటా ఒకటి మా అంగన్‌వాడీదే తెచ్చి తలుపు పైకమ్మీకి వేలాడదీశాను. కింద గుడ్డ జోలె. అందులో బిడ్డని పెడితే ముల్లు తిరిగి ఆగేది. ఆ గదిలో తడిబట్టల వాసన, కిరసనాయిలు వాసన, పచ్చి బాలింతల వాసన. కిటికీ ఊచలకి నా పాత చీరతో ఉయ్యాల కట్టి ఆశని అందులో పడుకోబెట్టుకునేదాన్ని. ఉయ్యాల నేలకి జానెడెత్తులో ఊగేది.

ఆదివారం తెల్లవారుజామున నూకాలు అనే అమ్మాయి ప్రసవించింది. ఇరవై ఏళ్ళుంటాయేమో. మొగుడు అప్పలరాజు ఊళ్ళో మిగిలిన గొడ్ల కోసం గట్టు మీదే ఉండిపోయాడట. వెంట ఉన్నది అత్త గంగాలమ్మ ఒక్కర్తే. రెండు కళ్ళకీ పొరలు కమ్మిన ముసలామె. మగపిల్లాడు. కాటా మీద పెడితే రెండు కిలోల నాలుగు వందలు.

"కొంచెం తక్కువే. కానీ గట్టి గొంతు. వీడికేం కాదు" అంది రాణి.

గంగాలమ్మ మనవడి కాళ్ళు తడుముతూ కూర్చుంది. సాయంత్రం నేను ఇంటికి బయలుదేరుతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"టీచరమ్మా, మీ ఇంట్లో గేదుందంట కదా?"

"ఉంది మామ్మా. పాలు కావాలా?"

"పాలొద్దు. తవుడుంటది కదా. గుప్పెడు తవుడు తేవాల."

"తవుడెందుకు?"

"ఈడ్ని అమ్మేత్తాను. నువ్వు కొనుక్కోవాల."

పక్క చాప మీద కోడలి తలకి నూనె రాస్తున్న అప్పాయమ్మ అనే ఆవిడ నవ్వింది. "మా కోడల్ని కొంతావేటి టీచరమ్మా? నువ్వు తవుడియ్యక్కర్నేదు, నానే ఎదురు పోత్తాను!"

గది గదంతా నవ్వింది. రాణి కూడా, "కొనేముందు బరువు చూసుకో మహేశ్వరీ, రెండూ నాలుగువందలే!" అంది. గంగాలమ్మ నవ్వలేదు.

"ఇద్దర్ని మట్టిలో ఎట్టేం తల్లీ" అంది మెల్లగా. "పెద్దోడు రెండోనాడు దీపాలేలకి పోయేడు. రెండోదీ రెండోనాడే. దీపాలేలకే. ఏ జబ్బూ నేదు. ఈడికి రేపు దీపాలేలతో రెండోనాడు. ఈలోపల అమ్మేయాల."

మా వైపు ఈ ఆచారం ఉంది. పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో తర్వాత పుట్టినవాణ్ణి చేటలో పడుకోబెట్టి, పిల్లలు చల్లగా ఉన్న మరో ఇల్లాలికి గుప్పెడు తవుడికి అమ్ముతారు. ఆ బిడ్డకి తవిటయ్య అనో తవిటమ్మ అనో పేరు పెడతారు. మా ఊళ్ళలో ఎంతమంది తవిటయ్యలున్నారో లెక్కలేదు.

"నువ్వు తవుడు నా కొంగులో పోసి, బిడ్డని తీసుకుని, నాది అను. ఒక్క మాట. మళ్ళీ మా సేతికిచ్చి, నా బిడ్డని సాకు అను. అయిపోయింది. రేపు సావు వచ్చి నూకాలు బిడ్డేడీ అని ఎతుకుద్ది. ఆ బిడ్డుండడు. టీచరమ్మ బిడ్డుంటాడు. తిరిగెల్లిపోద్ది. నీ గుంట పుష్టిగుంది తల్లీ. నీ సెయ్యి మంచిది."

నాకు జాలి వేసింది. వెయ్యలేదంటే అబద్ధం. కానీ మర్నాడు కార్తీక సోమవారం. ఉపవాసం. పురుటి మైల తగిలితే పూజ పోతుంది. పనిలో ముట్టుకోవడం వేరు, ఇంటికెళ్ళి స్నానం చేస్తాను. నాది అని ఎత్తుకుంటే మైల నాదే అవుతుంది కదా. అదీగాక, నాది కాని బిడ్డని నాది అనడం...

"కార్తీకంలో అబద్ధం ఆడకూడదు మామ్మా. పదకొండో రోజు మీ పురిటి స్నానం అయ్యాక చూద్దాం."

"పదకొండో రోజా..." అంది గంగాలమ్మ. పొరలు కమ్మిన కళ్ళు నా ముఖం మీద కాక, నా భుజం మీదుగా ఎక్కడో ఆగాయి.

నూకాలు గోడవైపు తిరిగి పడుకుంది. నేను ఆశని చంకనేసుకుని, గొడుగు వేసుకుని వచ్చేశాను. అప్పుడు నా ఒంటిమీద ఉన్నది ఎర్రంచు పసుపు చీర. ఇంటికొచ్చి స్నానం చేసి, చీర పిండి, వంటింట్లో దండెం మీద పొయ్యి సెగకి ఆరేశాను. రాత్రి పడుకునే ముందు చెయ్యి పెట్టి చూశాను. పొడిగా ఉంది. అది నాకు బాగా గుర్తు.

పొద్దున్న లేచేసరికి ఆ చీర తడిసిపోయి ఉంది. కుచ్చెళ్ళ అంచుకి బురద.

పైకప్పు కారిందేమో అనుకున్నాను. బురద కారదు కదా అని అనుకోలేదు. అంతలో గొడ్లపాకలోంచి మా అత్తగారు కేకేశారు. "తవుడు బస్తా మూతి ఎవరే విప్పిందీ? తేమకి పులిసిపోదూ!"

"నేను కాదత్తయ్యా."

"మరి గేది విప్పుకుందా?"

ఆ రోజు తెల్ల చీర కట్టుకుని బడికి వెళ్ళాను.

గంగాలమ్మ ముఖం వెలిగిపోతోంది. నేను గడపలో అడుగు పెట్టగానే, "వొచ్చీసావా తల్లీ. నీ మేలు ఏడు జన్మలకీ మరవలేను" అంది. ముందు రోజు ఇచ్చిన పాలపొడి గురించేమో అనుకుని నవ్వేశాను. ఉపవాసం కదా, ఎక్కువ మాట్లాడబుద్ధి కాలేదు.

ఆశని ఉయ్యాలలో వేసి పిల్లల్ని తూచడం మొదలెట్టాను. నూకాలు బిడ్డ కళ్ళు మూసుకుని హాయిగా పడుకున్నాడు. జోలెలో పెట్టాను. ముల్లు రెండు కిలోల వంద దగ్గర ఆగింది.

"మొదటి రెండు మూడు రోజులూ కాస్త తగ్గుతారులే" అంది రాణి. "కానీ ఒక్కరోజులో మూడు వందలా? మధ్యాహ్నం మళ్ళీ చూడు."

మధ్యాహ్నం చూశాను. ఒక కిలో అయిదు వందలు.

బిడ్డ అలాగే ఉన్నాడు. అవే బుగ్గలు. తొడల మీద అవే మడతలు. అప్పుడే పాలు తాగి మూతి తడిగా ఉంది. రాణి కాటా పాడైందంది. వంటలకి తెచ్చిన కిలో ఉప్పు ప్యాకెట్టు జోలెలో పెట్టింది. ముల్లు సరిగ్గా కిలో మీద ఆగింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. బిడ్డని మళ్ళీ పెట్టాం.

ఒక కిలో నాలుగు వందలు.

"ఆస్పత్రికి తీసుకెళ్ళాలి" అంది రాణి గొంతు తగ్గించి. "జీపు కావాలి. రోడ్డు మీద నడుం లోతు నీళ్ళు. ఫోన్ చేసొస్తాను. నువ్వు వీళ్ళకేం చెప్పకు." గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

నేను ఆశ ఉయ్యాల దగ్గరికి వచ్చాను. ఉయ్యాల కొంచెం కిందికి జారినట్టుంది. ముడి వదులైందనుకుని బిగించాను.

మూడు గంటలైనా చీకటి చీకటిగానే ఉంది. గది చూరు మీద వాన ఒకే శ్రుతిలో పడుతోంది. నేను మళ్ళీ కాటా దగ్గరికి వెళ్తుంటే గంగాలమ్మ పిలిచింది.

"టీచరమ్మా, ఊరికే తూస్తావేటి. కొన్నాక కూడా తూకమేనా?"

"ఏం కొన్నాను మామ్మా?"

ముసలమ్మ నవ్వు ఆగింది. చాప కింద నుంచి చిన్న మూట తీసి విప్పింది. తవుడు. తడిసి ముద్దైన తవుడు. పుల్లటి వాసన గుప్పున కొట్టింది. మా గొడ్లపాకలో పొద్దున్న వచ్చిన వాసనే.

"రాత్రి తెచ్చేవు కదా!"

"నేను రాలేదు మామ్మా. నిన్న సాయంత్రం వెళ్ళినదాన్ని ఇవాళ పొద్దున్నే వచ్చాను."

"నాకు కళ్ళు కనపడవు. నూకాలుకి కనపడతయ్యి కదా. సెప్పవే."

నూకాలు లేచి కూర్చుంది. నా వైపు చూడకుండా చెప్పింది. "మీరే అక్కా. ఎర్రంచు పసుపు సీర. తడిసిపోయి వొచ్చేరు. జుట్టంతా నీళ్ళు కారతన్నాది. మా అత్త కొంగులో తవుడు పోసేరు. ఈడ్ని ఎత్తుకుని, నాది అన్నారు. మీ గొంతే."

"తర్వాత?"

"మళ్ళీ పడుకోబెట్టేసి ఎల్లిపోయేరు."

"సాకమని సెప్పలేదు" అంది గంగాలమ్మ. "నానడిగేను. తల్లీ, ఆ మాట కూడా అనీసి ఎల్లు అని. ఎనక్కి తిరగలేదు నువ్వు. మడి కదా, తొందరేమో, రేపు సెప్తావేమో అనుకున్నాం."

 దండెం మీద తడిసిన చీర... అంచున బురద...

"నేను కాదు మామ్మా."

"కాకపోతే పోన్లే. ఇప్పుడు అను. నా బిడ్డని సాకు అను. నీ నోరేటి అరిగిపోద్దా?"

"నేను కొనలేదు. కొనని బిడ్డని నా బిడ్డ అని ఎలా అనను?"

"అమ్మింది నానూ. కొన్నది నీ ముకం. ఆ ముకంతోటే తిరిగియ్యాల. ఇంకెవులూ ఇయ్యలేరు తల్లీ."

నేను తల అడ్డంగా ఊపాను. బిడ్డని తీసుకెళ్ళి తూచాను. ఏం చెయ్యాలో తెలియనప్పుడు చేతులు అలవాటైన పనే చేస్తాయి.

తొమ్మిది వందలు.

చేతిలో బిడ్డ కనపడుతున్నాడు. చేతికి మాత్రం ఉత్త గుడ్డ పట్టుకున్నట్టుంది.

అయిదు గంటలకి నూకాలు నా కాళ్ళు పట్టుకుంది. పచ్చి బాలింత, పాక్కుంటూ వచ్చింది. "అక్కా, అబద్ధమే అనుకో. నా కోసరం ఒక్క అబద్ధం ఆడు. పాపం నాకు రాసీమని నాను దేవుడికి సెప్పుకుంటాను."

అది ఎవరికి రాస్తారో మా అత్తగారు చెప్పారు కదా. నేను ఉయ్యాల వైపు చూశాను. ఆశ నిద్రపోతోంది. తప్పు చేస్తే ఆ పిల్లకి తగులుతుంది. తప్పు చెయ్యకపోతే ఈ పిల్లాడు... వీడికేమౌతుందో నాకేం తెలుసు? ఇది కాటా మాయ కావచ్చు. రాణి జీపు తెస్తుంది. డాక్టరుగారు చూస్తారు. ఇలా నాకు నేను చెప్పుకున్నాను. అది మాత్రం అబద్ధమని నాకు తట్టలేదు.

"లే అమ్మా. పచ్చి ఒళ్ళు. అలా పాకకూడదు" అన్నాను. నా గొంతు ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. ఆ మెత్తదనాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు అసహ్యం.

 అప్పాయమ్మ తన కోడల్ని దగ్గరికి లాక్కుని కూర్చుంది. "ఒక్క మాటే కదమ్మా..." అంది, నాకు వినపడేలా.

కరెంటు లేదు. లాంతరు వెలిగించారు. ఆరు కావస్తోంది, దీపాల వేళ. ముల్లు రెండు వందల దగ్గర వణుకుతోంది. బిడ్డ కళ్ళు తెరిచాడు. ఏడవలేదు. నన్నే చూస్తున్నాడు.

అప్పుడు నా మనసు కరిగింది. నిజంగానే కరిగింది. అప్పన్నస్వామి సాక్షి.

"చెప్తాను మామ్మా" అన్నాను.

గంగాలమ్మ రెండు చేతులూ చాపింది. "సెప్పు తల్లీ. సెప్పు. ఏలైపోతన్నాది."

"ఒక్క క్షణం. దీపం పెట్టి, స్వామికి చెప్పుకుని వస్తాను. అబద్ధం ఆడబోతున్నానని చెప్పి... క్షమించమని అడిగి..."

"ముందు సెప్పి ఎల్లవే!" అని అరిచింది నూకాలు.

నేను వసారాలోకి వచ్చేశాను.

ప్రమిద, ఒత్తి, నూనె పొద్దున్నే తెచ్చి పెట్టుకున్నాను. ఎదురుగా బడి ఆవరణంతా నీళ్ళు. అగ్గిపుల్ల గీశాను. తడి. వెలగలేదు. రెండోది వెలిగి గాలికి ఆరిపోయింది. మూడోది రెండు చేతుల మధ్య దాచి గీశాను. ఒత్తి అంటుకుంది. కళ్ళు మూసుకుని చెప్పుకున్నాను. ఎంతసేపు? ఒక నిమిషం... ఒకటిన్నర...

కళ్ళు తెరిచాను.

దీపం వెలుగు ముందున్న నీళ్ళలో పడింది. నీళ్ళలో వసారా కనపడుతోంది. ప్రమిద ముందు తెల్ల చీరతో నేను. నా వెనక... పసుపు చీర. ఎర్రంచు.

వాన శబ్దం వినపడ్డం ఆగిపోయింది. పుల్లటి తవుడు వాసన. జుట్టు చివరల నుంచి నేల మీద నీళ్ళు పడుతున్న చప్పుడు. టప్... టప్...

నీళ్ళలో ఆ ముఖం కనపడలేదు. చేతులు కనపడ్డాయి. కొంగులో ఏదో పొదివి పట్టుకున్న చేతులు. ఎడమ చేతికి నా గాజులు.

తిరిగి చూశాను.

ఎవరూ లేరు. తలుపులోంచి గది సిమెంటు నేల మీద తడి పాదాల గుర్తులు కనపడ్డాయి. ఆవరణలోంచి గదిలోకి వెళ్ళిన గుర్తులు కావు. గదిలోనే మొదలైనవి. కాటా కింద మొదలై... గోడ వారగా నడిచి... కిటికీ దగ్గర, ఉయ్యాల పక్కన ఆగిపోయాయి.

అక్కడి నుంచి ఎటూ వెళ్ళలేదు.

లోపల నూకాలు కేక.

పరుగెత్తాను. బిడ్డ జోలెలోనే ఉన్నాడు. ముల్లు సున్నా మీద ఉంది. కదలకుండా, ఖాళీ కాటా ఉన్నట్టు. కాని బిడ్డ ఊపిరి తీస్తున్నాడు. నేను చూశాను. ఛాతీ లేచింది. పడింది. లేచింది...

"నా బిడ్డని సాకు!" అన్నాను. "నా బిడ్డని సాకు మామ్మా, నా బిడ్డని..."

"ఎవులికి సెప్తన్నావు?" అంది గంగాలమ్మ. ఆవిడ చేతులు కిందికి దించేసింది. "ఏల దాటిపోయింది."

రాణి తొమ్మిదింటికి, నడుం దాకా తడిసి, జీపు రాలేదని చెప్పడానికి వచ్చింది. పూడ్చి రమ్మని బడి వాచ్‌మన్ వీరన్న చేతికి గుడ్డ చుట్టిన బిడ్డని ఇచ్చారు. వీరన్న ఆ మూటని ఒకసారి ఎత్తి చూసి, అయోమయంగా నిలబడ్డాడు.

"ఇందలేటుందమ్మా?" అన్నాడు. "బిడ్డని ఎట్టడం మర్సిపోనారేటి?"



ఆశని తీసుకుని ఇంటికి వెళ్దామని ఉయ్యాల దగ్గరికి వెళ్ళాను. మధ్యాహ్నం నేను బిగించి కట్టిన ఉయ్యాల, నేలకి ఆనుకుని ఉంది. పిల్లని ఎత్తబోతే నడుం పట్టేసింది. పిల్ల మాడు దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాను. మా ఆశ మాడుకి కొబ్బరినూనె వాసన. ఆ రోజు మాత్రం పురిటి బిడ్డ వాసన. దాని కింద సన్నగా, పుల్లగా...

వారానికి నెలవారీ తూకాలు వచ్చాయి. ఆశ కార్డు మీద కిందటి నెల నేను రాసింది ఎనిమిది కిలోల వంద. కాటాకి వేలాడదీశాను. ముల్లు పది కిలోల అయిదు వందల మీద ఆగింది. ఉప్పు ప్యాకెట్టు తెచ్చి తూచాను. సరిగ్గా కిలో. మళ్ళీ పిల్లని తూచాను. నేను లెక్కల్లో గట్టిదాన్ని కాదు. ఈ తీసివేతకి గట్టిదాన్ని కానక్కర్లేదు. రెండు కిలోల నాలుగు వందలు.

కార్డు మీద ఎనిమిదిన్నర అని రాశాను. కార్తీకంలోనే. నా చేతి అబద్ధానికి నియమం అడ్డు రాలేదు.

నీళ్ళు తీశాక లారీలు వచ్చాయి. కార్తీకం వెళ్ళి రెండు రోజులైంది. అందర్నీ ఎక్కిస్తున్నారు. గంగాలమ్మని పట్టుకుని నూకాలు నా దగ్గరికి వచ్చింది. నా చంకలో ఆశ.

"అక్కా, ఒక్కపాలి ఎత్తుకోనియ్యి."

"మీ లారీ బయలుదేరుతుంది నూకాలూ."

నూకాలు రవిక ముందు భాగం తడుస్తోంది. రెండు వైపులా. బిడ్డ పోయి మూడు వారాలు. రాణి పాలు వెనక్కి పోవడానికి కట్టు కట్టింది కూడా. ఆశ అది చూసింది. నా చంకలోంచి వంగిపోయింది. పది నెలల పిల్ల, అన్నం తింటున్న పిల్ల, నోరు తెరిచి, పుట్టిన బిడ్డలా తల అటూ ఇటూ తిప్పుతూ వెతుక్కుంటోంది.

గంగాలమ్మకి కళ్ళు కనపడవు. అయినా సరిగ్గా ఆశ తల మీదే చెయ్యి పెట్టింది.

"ఇక్కడున్నాడేటి" అంది, నెమ్మదిగా. తర్వాత నా వైపు తిరిగింది. "కార్తీకం ఎల్లిపోనాది కదా తల్లీ. ఇప్పుడు అబద్ధం కూడా కాదు. సెప్పు. నా బిడ్డని సాకు అని సెప్పు."

నా చేతుల్లో ఉన్నది ఒక్క పిల్లే. ఆ మాట అంటే నా చేతుల్లోంచి ఎవరు వెళ్తారు? ఒకరా? ఇద్దరూనా? ఆలోచించాను. లారీ హారన్ కొడుతోంది. వాళ్ళిద్దరూ నిలబడి ఉన్నారు.

నేను పెదవి విప్పలేదు.

లారీ ఎక్కేటప్పుడు నూకాలు నన్ను తిట్టలేదు. శాపనార్థం పెట్టలేదు. రవిక మీద కొంగు కప్పుకుని, "ఏలకి పాలియ్యండక్కా. ఆకలికి ఆగలేడు" అంది.

ఆ తర్వాత నేను ఆశని ఎప్పుడూ ఎక్కడా తూకం వెయ్యనివ్వలేదు. పిల్ల బాగానే పెరిగింది. చదువులో చురుకు. కాని కంచం నిండా తిన్నా, తిన్న గంటకి ఆకలంటుంది. నిద్రలో దాని పక్కన పడుకుంటే రెండు ఊపిర్లు వినపడతాయి. ఒకటి నెమ్మదిగా. ఒకటి గబగబా, పసిబిడ్డలు తీసేలా. మా అత్తగారు పోయే ముందు ఒకసారి నన్ను దగ్గరికి పిలిచి, "ఆ రాత్రి తలుపు తీసుకుని ఎక్కడికెళ్ళావే మహేశ్వరీ?" అని అడిగారు. ఏ రాత్రి అని నేనడగలేదు. ఆవిడా చెప్పలేదు.

కిందటి ఏడు, రెండువేల తొమ్మిదిలో, చుట్టాలింట్లో పెళ్ళికని ఎలమంచిలి వెళ్ళాం. తిరుగు రైలు కోసం స్టేషన్లో కూర్చున్నాం. పట్టపగలు. ఎండ కాస్తోంది. ప్లాట్‌ఫారం మీద రంగు బల్బులు తిరిగే బరువు మిషను ఉంది. నేను నీళ్ళ సీసా నింపుకుని వచ్చేసరికి ఆశ రూపాయి వేసి దాని మీద ఎక్కేసింది. పద్నాలుగేళ్ళ పిల్ల. ఆపేలోపలే టికెట్టు పడింది. నలభై మూడు కిలోలు.

ఆశ దిగింది. బల్బులు ఆగలేదు. చక్రం ఇంకోసారి తిరిగింది. ఇంకో టికెట్టు పడింది.

"అమ్మా, ఒక్క రూపాయికి రెండొచ్చాయే!" అని నవ్వుతూ నాకందించింది. రెండోది తడిగా ఉంది. దాని మీద రెండు పాయింటు నాలుగు.

ఆశ నా చేతిలోని దాన్ని వంగి వాసన చూసి ముక్కు ముడిచింది. "ఇదెవరిదమ్మా?" అంది.

"నాది."

గొంతు నాదే. మెత్తగా, మెల్లగా, ఎప్పటిలాగే. ఆశ సరేనన్నట్టు తలూపింది.

అప్పటికి నేనింకా నోరు తెరవలేదు. ఆశ తలూపింది నా వైపు చూసి కాదు. నా భుజం మీదుగా చూసి.